అడిగే పాఠం

నాచారం,
జూలై 1967, గురువారం

బిడ్డా రాహేలూ,

నాయిన రాస్తున్నాడు. వాన పడ్డది, ఇల్లు కారలేదు, వేళకు తింటున్నాను. ఇక అసలు మాట. నువ్వు ఆ నర్సు చదువు మానెయ్యాలి. ఈ శనివారం కాక పై శనివారం నేనే వచ్చి, మీ టీచరమ్మతో చెప్పి, నీ పెట్టె మోసుకొస్తాను.

కోపంలో రాస్తున్నానని అనుకోకు. నిన్నటి నుండి ఆలోచించి రాస్తున్నాను. మాట్లాడటం నాకు రాదని నీకు తెలుసు. రాయడమంటావా, ఊరి బడిలో అబ్బినంతే. తప్పులుంటే సర్దుకుని చదువు.

దవాఖానాలో మంచాల పక్కన నిలబడి నేర్చుకునే పాత పద్ధతి ఒక్కటే చాలదని, ఇప్పుడు పిల్లల్ని ఇళ్ళకు పంపి నేర్పిస్తున్నారని సెలవుల్లో నువ్వే చెప్పావు. ఎవరింటికి వాళ్ళ పిల్లను పంపరని కూడా చెప్పావు. మన గల్లీకి త్రిపురసుందరి అనే పిల్ల వస్తోంది. కోస్తా వైపు వాళ్ళు. నిన్న మీ టీచర్ అన్నపూర్ణమ్మ గారు వెంట ఉండి తీసుకొచ్చారు. నేను నీ తండ్రినని చెప్పలేదు. చెబితే నీకు ఏం మాట వస్తుందోనని ఊరుకున్నాను.

వాళ్ళు వస్తారని పొద్దున్నే ఇల్లంతా అలికాను. మీ అమ్మ పోయిన తరువాత అంత శ్రద్ధగా ఎప్పుడూ అలకలేదు. ఆ పిల్ల లోపలికి వచ్చి, నా ముఖమైనా సరిగ్గా చూడకముందే, నేల మీద పాత పేపరు పరిచింది. ఆ పేపరు మీద తన నల్లసంచి పెట్టింది. నీళ్ళడిగింది. "మీరే పొయ్యండి బాబాయిగారూ" అంది. పోశాను. తన సబ్బు, తన తువ్వాలు తీసుకుని మోచేతుల దాకా కడుక్కుంది. అప్పుడు గాని సంచి పూర్తిగా తెరవలేదు. నా ముంజేయి పట్టుకుని నాడి చూసి, పోయేముందు మళ్ళీ కడుక్కుంది. ఆ పేపరును నా నేలకు తగిలిన వైపు లోపలికి వచ్చేటట్టు మడిచింది. అన్నపూర్ణమ్మ గారు చూసి, బాగుందన్నట్టు తల ఊపారు.

పక్కింటి లూర్దమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వాళ్ళు పోయాక, "ఏందన్నా, నీ చెయ్యి పట్టుకున్నందుకు గన్ని నీళ్ళా? జర ఉంటే సంచికి గూడ తానం బోసేది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నీకు ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్తాను. బడిలో పంతులు నన్ను గడప బయట కూర్చోబెట్టేవాడు. నా పలక చేత్తో ముట్టుకోకుండా కర్రతో జరిపి దిద్దేవాడు. అట్లా నేర్చిన అక్షరాలే ఇవి. నాకు అవి చాలు అనుకుని, నా బిడ్డ లోపల కూర్చుని చదువుతుందని మురిసిపోయాను. నువ్వు నేర్చుకుంటున్నది ఇదేనా? ఏ పేదోడింటికో పోయి, వాడు అలికిన నేల మీద నువ్వూ కాగితం పరుస్తావా?

పై శనివారం సిద్ధంగా ఉండు.

నీ నాయిన
ఏలియా



నాచారం,
ఆగస్టు, బుధవారం సాయంత్రం

నా తల్లీ రాహేలూ,

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. అందుకే శనివారం రాలేదు. నువ్వు రాసింది చదివి సిగ్గుపడ్డాను. తరువాత కొంచెం నవ్వుకున్నాను కూడా.

ఆ కాగితం కులానికి కాదని, ఒక ఇంటి రోగం సంచి అడుగున అంటుకుని ఇంకో ఇంటి పసిగుడ్డు దగ్గరికి పోకుండా అని నువ్వు రాస్తే అర్థమైంది. రాజైనా బంటైనా అదే కాగితం, అదే సబ్బు, మరిచిపోతే మార్కులు కోస్తారని రాశావు. ఉప్పల్‌లో నీకిచ్చిన ఇంట్లో ఆ రాజ్యంగారు నీ మీద లేచిందని రాశావే, అది రెండుసార్లు చదివాను. "తెల్లారుఝామున కడిగి ముగ్గు పెట్టుకున్న ఇల్లమ్మా మాది! నిన్ను లోపలికి రానివ్వడమే ఎక్కువ, మళ్ళీ నీ సంచికి మా నేల పనికిరాలేదా?" అన్నదట. నువ్వు వసారాలో నిలబడి ఏడ్చావట. ఆ పెద్దింటామె, నేను ఒకే తప్పు చేశాం. చదువు మానమని ఇక అనను.

కానీ బిడ్డా, ఇంకో మాట ఉంది. దాన్ని దాచి, ఆ కాగితం మీద కోపం చూపించాను. అది కూడా నిజమైన కోపమే. కానీ ఆ పిల్ల నా ఇంటికి రాకూడదని నేను అనుకున్నది దాని ఒక్కదానికోసమే కాదు.

నా ఎడమ పాదం మీద రాగిరంగు మచ్చ ఒకటి ఉంది. కిందటి చలికాలం నుండి ఉంది. నొప్పి లేదు, దురద లేదు. అసలు ఏమీ లేదు. నులక పేనేటప్పుడు కొసను బొటనవేలికి చుట్టి లాగుతాను కదా, ఈ మధ్య ఒకరోజు మంచం అల్లి లేచి చూస్తే నులకంతా ఎర్రగా ఉంది. వేలి తోలు లేచిపోయి ఉంది. నాకు తెలియనే లేదు. నిప్పురవ్వ తీసి పెట్టుకుని చూశాను. తెలియలేదు. అది పెద్దరోగం బిడ్డా. కుష్ఠు. మా మేనమామకు వచ్చింది. ఊరి బయట గుడిసె వేసి పెట్టారు. అన్నం దూరం నుండి పెట్టిపోయేవాళ్ళు. ఆయన పోయిన రోజు ఎవరికీ తెలియదు.

ఇవ్వాళ త్రిపురసుందరి ఒక్కతే వచ్చింది. కాలు మీద గోనెసంచి కప్పుకుని పని చేస్తున్నాను. ఆమె కడుక్కునే పని అంతా అయ్యాక నా ఎదురుగా కూర్చుంది.

"కాలికేమైందండీ బాబాయిగారూ?"

"ఏం గాలె."

"మరి నులకకి ఆ ఎరుపేంటండీ?"

"ఆకు నమిలి ఉమ్మిన."

"పోయినవారం లూర్దమ్మగారు ఆకిస్తే మీరు వద్దన్నారుగా!"

నేను గోడ దిక్కు తిరిగాను. తిడుతుందనుకున్నాను. దవాఖానాలో పాత నర్సమ్మలు ఎట్లా అరుస్తారో నాకు తెలుసు. ఈ పిల్ల తిట్టలేదు. గోనె గుంజి చూడలేదు. పెన్సిలు తీసి మళ్ళీ లోపల పెట్టేసింది.

"సరేనండి. వచ్చే బుధవారం అడుగుతాను. అప్పుడూ చెప్పకపోతే ఆ పై బుధవారం అడుగుతాను" అంది.

"రాకు బిడ్డా. ఇగ రాకు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "నేనేమైనా తప్పు చేశానా అండీ? చెప్తే దిద్దుకుంటాను" అంది. నేను లేచి, కుంటకుండా నడిచి, తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె పోయింది. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. నాకే చేతకాలేదు.

ఈ సంగతి బయటికొస్తే నిన్ను ఎవరు ఉంచుకుంటారు? నీతో కలిసి తినే పిల్లలు పక్కబట్టలు దూరం జరుపుకుంటారు. కుష్ఠోడి బిడ్డ అని ఏ రోగీ నీ చెయ్యి పడనియ్యడు. అందుకని సోమవారం నాగారం పోతున్నాను. జ్ఞానయ్య బావ పొలంలో మోటరు కొట్టం ఖాళీగా ఉంది. కావలికి ఉంటానని చెప్పాను. నువ్వు రావద్దు. పరీక్షలయ్యి, నీకు నౌకరీ వచ్చేదాకా, అడిగినవాళ్ళకు నాయిన లేడని చెప్పు. ఈ మాట ఎవ్వరికీ పొక్కనీయకు. నా మీద ఆన.

నీ నాయిన
ఏలియా



నాచారం,
ఆగస్టు, ఆదివారం

రాహేలూ, నా బిడ్డా,

నాయిన నాగారం పోలేదు. ఇంట్లోనే ఉన్నాడు.

సోమవారం మూట కట్టుకుని తాళం వేస్తుంటే త్రిపురసుందరి గల్లీలో కనపడింది. ఆమె వచ్చే రోజు కాదు. చేతిలో సంచి కూడా లేదు. బస్సు దిగి పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఎక్కడికి బాబాయిగారూ?"

"చుట్టాలింటికి."

"వెళ్దురుగాని. ఒక్క నిమిషం కూర్చోండి. నాకు అడగటం చాతకాక వెళ్ళిపోయాను మొన్న. ఒక్కటి అడిగి వెళ్ళిపోతాను."

లూర్దమ్మ తన గడపలోంచి, "కూసో అన్నా, పోరి ఉరికొచ్చింది. నీ చుట్టాలేమన్న రైలెక్కి పోతున్నరా" అని అరిచింది. తాళం తీయక తప్పలేదు.

లోపలికొచ్చి ఆ పిల్ల మీ క్లాసు సంగతి చెప్పింది. అన్నపూర్ణమ్మ గారు పుస్తకం మూయించి, మీచేత నాటకం లాగా వేయించారట. ఒకరు ఇంటివాళ్ళు, ఒకరు నర్సు. బాగా జవాబు చెప్పినందుకు కాదు, బాగా అడిగినందుకు మెప్పు అట. గాయం దాచుకుని నోరు విప్పని మనిషి కావాలంటే నువ్వే లేచి, నేను ముసలాయన్ని అన్నావట. కింద కూర్చుని, కాళ్ళు కొంగు కింద దాచి, గోడ దిక్కు తిరిగావట. ఒక పిల్ల, చీము పట్టి కాలు తీసేస్తారని భయపెట్టిందట. ఒక పిల్ల నవ్వించబోయిందట. ఒక పిల్ల ప్రసంగం చేసిందట. నువ్వు ఉలకలేదు, పలకలేదు. చివరికి నాటకమని మరిచిపోయి ఏడ్చావట.

"అందరూ అబ్బ ఎంత బాగా చేసింది అనుకున్నారండీ. నాకు మాత్రం మీరు కనపడ్డారు. గోడవైపు ఆ తిరగటం, మెడ ఆ వంచటం... మీరు రాహేలు నాన్నగారు కదూ?"

నేను తల ఊపాను. నువ్వు ఆన తప్పలేదు బిడ్డా. నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. నీ మెడ చెప్పింది.

తరువాత ఆ పిల్ల అంది, "కాలు సంగతి అడగనండి. చెబితే ఏమవుతుందని మీ భయం? అదొక్కటి చెప్పండి."

ఇంత బతుకులో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. పంతులు అడగలేదు, పాస్టరయ్య అడగలేదు, మీ అమ్మ కూడా అడగలేదు. "నా బిడ్డను ఎల్లగొడ్తరు" అన్నాను. ఆ ఒక్క మాట వచ్చాక మిగతాది ఆగలేదు. మేనమామ గుడిసె సంగతి కూడా చెప్పాను. అంతా అయ్యాక కాలు చాపాను.

ఆమె చేతులు కడుక్కొచ్చి, లూర్దమ్మ దగ్గర దూది అడిగి తెచ్చి, సన్నగా పేనింది. కళ్ళు మూసుకోమంది. దూది తగిలినచోట వేలితో చూపించమంది. మోకాలు కింద తగిలింది, చూపించాను. పిక్క మీద తగిలింది, చూపించాను. తరువాత ఏమీ తగల్లేదు. చాలాసేపు అట్లనే కూర్చున్నాను. ఆ పిల్ల జంకిందనుకున్నాను.

"ముట్టుకోనీకి మనసొప్పక పాయెనా బిడ్డా? పర్వాలేదు, చాలించు" అన్నాను.

కళ్ళు తెరిచాను. ఆ పిల్ల దూది ఎప్పుడో పక్కన పెట్టేసింది. నా పాదం మీద తన అరచెయ్యి పూర్తిగా ఆనించి ఉంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నాకు తెలియలేదు రాహేలూ. ఒక మనిషి చెయ్యి నా మీద ఉంటే నాకు తెలియలేదు.

టీచర్‌గారికి చెప్పవచ్చునా అని అడిగింది. సరేనన్నాను. మర్నాడు అన్నపూర్ణమ్మ గారు వచ్చి దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆ రోగమే. కానీ మొదట్లోనే ఉందట. రోజూ మాత్ర మింగాలి, చాలా కాలం మింగాలి. ఇంట్లోనే ఉండొచ్చు, ఊరి బయటికి పోనక్కరలేదు. పోయిన స్పర్శ అంతా తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేనన్నారు. కాలితో నులక లాగొద్దన్నారు. నిన్ను కూడా ఒకసారి చూడాలట. సిగ్గుపడక చూపించుకో.

నీ చదువు సంగతి అడిగాను. "తీసెయ్యమని ఎవరైనా అంటే ముందు నాతో మాట్లాడాలి" అన్నారు అన్నపూర్ణమ్మ గారు. మీ హాస్టలు చూసుకునే ఆమె మాత్రం సంగతి తెలిసి ఇంకా గొణుగుతోందట. ఆ గొణుగుడు నువ్వు కొంతకాలం పడాలి. పడు. నేను కూడా ఇక్కడ పడుతున్నాను. లూర్దమ్మ మాత్రం రోజూ వచ్చి, "మాత్ర మింగినవా, నోట్లె వెట్టుకోని కూసున్నవా" అని నోరు తెరిపించి చూస్తోంది.

ఇంకొకటి. ఇట్లాంటి మచ్చ మీ పుస్తకంలో నల్లటి బొమ్మగా పడిందట, దాన్ని చూసి పిల్లలకు ఏమీ తెలియడం లేదట. "మీకు కష్టం కాకపోతే మా పిల్లలు వచ్చి చూస్తారు. ఒకసారి చూస్తే ఇంకో ఇంట్లో గుర్తుపడతారు" అన్నారు టీచరమ్మ. అంతమంది ఆడపిల్లల ముందు కాలు చాపి కూర్చోవడమంటే నాకు సిగ్గే. అయినా ఒప్పుకున్నాను. బుధవారం వస్తారు.

నిన్ను రానివ్వనన్నారు. ఎవరింటికి వాళ్ళ పిల్లను పంపరట కదా. చదువుకున్నవాళ్ళ మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఈసారి చెప్పాను.

"నా బిడ్డ రావాలమ్మా. తండ్రి లేడని జెప్పుకోమన్న నేనే. ఇప్పుడు అందరి ముందల ఉన్నడని జెప్పుకోవాలె."

టీచరమ్మ సరే, పంపుతానన్నారు.

రా బిడ్డా. దూది నువ్వే పట్టు. నేను కళ్ళు మూసుకుంటాను. తెలిసినచోట తెలిసిందంటాను, తెలియనిచోట తెలియలేదంటాను. నీ తోటి పిల్లలు వినేటట్టు గట్టిగా చెప్తాను.

ఎదురుచూసే నీ నాయిన
ఏలియా