అమ్మవారి నుదుట మరక

సెప్టెంబర్ 4, సోమవారం

ప్రకటన మళ్లీ చదివాను. మ్యూజియం అసిస్టెంట్ — ఒకే ఒక్క పోస్టు. పర్మనెంట్. పేపర్లో లోపలి పేజీ మూల, ప్రెషర్ కుక్కర్ల ప్రకటన కింద, అరచేయంత కూడా లేదు. కావలసినవి: పనిచేసిన చోటి నుంచి అనుభవ ధ్రువపత్రం, పాత వస్తువుల సంరక్షణలో ఏదైనా శిక్షణ, వయోపరిమితి. వయసు దగ్గర వేలు పెట్టి చదివాను. ఈసారికి సరిపోతుంది. వచ్చే ఏడాదికి దాటిపోతాను. డిసెంబరుతో ఇప్పటి మ్యూజియంలో నా కాంట్రాక్టు కూడా అయిపోతుంది. అంటే ఇదే ఆఖరు.

హాస్టల్లో నా రూమ్మేట్ స్వప్నకి చూపించాను. కరీంనగర్ పిల్ల, మా హాస్టల్ సందులోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటోంది. "ఒక్క పోస్టుకు గింత పరేషాన్ అయితవేందక్కా? మా ఇన్‌స్టిట్యూట్ల గోడ నిండ అతికిచ్చిన్రు ఉద్యోగాలు."

నిజమే. వాళ్లకి గోడలు చాలడం లేదు. నాకు అరచేయి.

సెప్టెంబర్ 5

కత్తిరించిన ముక్క పర్సులో పెట్టుకున్నాను. బస్సులో రెండుసార్లు తీసి చూశాను. మాయమైపోతుందా ఏంటి, నా పిచ్చి గాని.

సెప్టెంబర్ 7, గురువారం

మా మ్యూజియం సూపరింటెండెంట్ గారి గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఆయనే అడిగారు — "ఏంటమ్మా పద్మా, మళ్లీ ట్యూబ్‌లైటు పోయిందా?"

చెప్పాను. అనుభవ ధ్రువపత్రం కావాలి. మాసబ్ ట్యాంక్‌లోని మా శాఖ ఆఫీసులో సంరక్షణ శిక్షణ మొదలవుతోంది, దానికి నా పేరు పంపాలి. శిక్షణకి అక్కడికక్కడే సంతకం పెట్టారు. ధ్రువపత్రం మాత్రం — "టైపు చేయించి పెట్టు, చూస్తాను." చూస్తాననడంలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. ఆయన మంచివారే. మంచివాళ్లనే రెండోసారి అడగలేం.

సెప్టెంబర్ 11, సోమవారం

శిక్షణ మొదటి రోజు. చెప్పేది సుభద్ర మేడం. పొట్టిగా, ముతక చీర, కళ్లజోడు మీంచి చూపు. నాలుగు జిల్లాల మ్యూజియాల వాళ్లం ఉన్నాం. బ్రష్షులు, సీసాలు ఇస్తారని చేతులు కడుక్కుని కూర్చున్నాం. ఏమీ ఇవ్వలేదు. బల్ల మీద ఒక పాత కుండ పెట్టి, అందర్నీ చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. బళ్లో పిల్లల్లా. అలాగే నిలబడి చూడమన్నారు. కాళ్లు లాగేదాకా చూశాం.

"ముట్టుకోవడం మీ అందరికీ వచ్చు. ముట్టుకోకుండా ఉండటం నేర్పడానికే వచ్చాను."

పక్కన నల్గొండ ఆయన గొణిగారు — దీనికి సర్టిఫికెట్ సుత ఇస్తరా?

ఆవిడ ఆ పోస్టు సెలక్షన్ కమిటీలో ఉంటారట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ చేతులు ముందుకి తేవాలంటే భయం.

సెప్టెంబర్ 19

ఒక్కొక్కరం మా మ్యూజియంలోని ఒక వస్తువు తీసుకుని, దాని ఒంటి మీద ఎక్కడ పగులుంది, ఎక్కడ పెచ్చు లేచింది, ఎక్కడ మరకుంది, అంతా రాసి ఫొటోలతో ఇవ్వాలి. దాని మీదే సర్టిఫికెట్. నేను దుర్గను తీసుకున్నాను. ఇసుకరాయి విగ్రహం. ఇన్నేళ్లూ గోదాములో గోనెపట్టాల కింద ఉంటే, ఈ వేసవిలోనే హాల్లోకి తెచ్చాం. ముక్కు కొస విరిగింది, ఒక చేయి లేదు. అయినా ఆ ముఖం...

రాశాను: నుదురు — మరకలు లేవు.

సెప్టెంబర్ 22

నివేదిక బాగుందన్నారు మేడం. బాగుందని అనలేదు, "ఊఁ" అన్నారు. దసరా వెళ్లాక మంగళవారం మా మ్యూజియానికి వచ్చి, రాసింది పట్టుకుని విగ్రహాన్ని స్వయంగా చూస్తారట. చూడనీ. అక్షరం తేడా లేదు.

ఇవాళ తృప్తిగా తిన్నాను. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ పనుల దుమ్ము కూడా బాగానే అనిపించింది.

సెప్టెంబర్ 29, శుక్రవారం

మా అటెండర్ యాదగిరి బంతిపూలు, గుమ్మడికాయ మోసుకొచ్చాడు. రేపు ఆఫీసులో ఆయుధపూజ. ఏటా ఉండేదే — జీపుకి, టైపు మిషనుకి, ఉన్న ఒక్క కంప్యూటరుకి బొట్లు పెడతారు సూపరింటెండెంట్ గారు. అలవాటే.

"ఈసారి అమ్మవారికి సుత పెడ్తడట సారు. హాల్లకు తెచ్చుకున్నంక మొదటి పండుగ గదా."

ఇసుకరాయి నూనె తాగుతుంది. కుంకుమ తాగుతుంది. రెండు వారాలు అదే కదా విన్నాను. వెళ్లి చెప్పాలి. చెప్పడానికి వెళ్లాను కూడా. బల్ల మీద నా ధ్రువపత్రం ఉంది, టైపు చేయించి ఇచ్చింది ఇచ్చినట్టే. సంతకం లేదు.

"ఏంటమ్మా?"

"ఏం లేదు సార్. రేపు ఎన్నింటికి రమ్మంటారో అని."

రేపు చెప్తా. పూజకి ముందే చెప్తా.

సెప్టెంబర్ 30, శనివారం

చెప్పలేదు.

కుంకుమ భరిణె నా చేతిలోనే ఉంది. ఆయనే పట్టుకోమన్నారు — ఆడపిల్లవి, నీ చేత్తో అందించమ్మా అని. జీపు చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, హారతి. తర్వాత హాల్లోకి. ఆయన చెప్పులు విప్పారు. అందరం విప్పాం. వేలు నూనెలో ముంచి, నా భరిణెలో ముంచి, దుర్గ నుదుట పెద్ద బొట్టు పెట్టారు. "పండగ పూట అమ్మవారిని బోసి నుదుటితో ఎలా ఉంచుతాం" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగా. నేనూ దణ్ణం పెట్టుకున్నాను. ఏమని? ధ్రువపత్రం మీద సంతకం పడాలని. సిగ్గులేని దాన్ని.

అందరూ ప్రసాదం తిని వెళ్లిపోయాక మళ్లీ హాల్లోకి వెళ్లాను. మంగళవారం మేడం వస్తారు. నుదురు — మరకలు లేవు. అదే తల్లో తిరుగుతోంది. బాత్‌రూం పక్క కొళాయి దగ్గర గుడ్డ తడిపి తెచ్చి తుడిచాను.

తుడిచాను. తడిగుడ్డతో. నేను.

బొట్టు పోలేదు. కరిగి కిందికి జారింది. కనుబొమల మీదికి, ముక్కు పక్కకి. ఇంకోసారి తుడిస్తే చెంపకి. రూపాయంత ఉన్నది అరచేయంత అయింది, ఎర్రగా కూడా కాదు, గులాబీగా, లోపల్నుంచి వచ్చినట్టు. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

యాదగిరి వచ్చి చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. "నిమ్మకాయ రుద్దితే పోతది మేడం" అంటూ జీపు చక్రం కిందది, నలగనిది ఏరుకొచ్చాడు. తీసుకోబోయాను కూడా. చేయి సగం దాకా వెళ్లి ఆగింది.

"వద్దన్నా. పో. తాళం వేసెయ్."

అక్టోబర్ 1, ఆదివారం

హాస్టల్ వెనక, బట్టలుతికే చోటు షాబాదు బండ మీద నూనె, కుంకుమ వేసి చూశాను. ఒక పక్క సర్ఫ్ నీళ్లు — ఇంకా ముదిరింది. ఒక పక్క నిమ్మరసం — పసుపుపచ్చగా తిరిగింది. యాదగిరి మాట విని ఉంటే ఇవాళ అమ్మవారికి పసుపు ముఖం.

వార్డెన్ ఆంటీ చూసి — "పండగ పూట ఆ క్షుద్రపూజలేంటమ్మా?"

స్వప్న పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపేసింది. "ఫికర్ చెయ్యకక్కా. ఎవరు పెట్టిన్రో వాళ్ల పేరే చెప్పు. నీదేం తప్పు?"

చెప్పొచ్చు. చెప్తే ఆ సంతకం ఇక ఈ జన్మకి రాదు.

అక్టోబర్ 2

దసరా. అమ్మ ఫోను. కొత్త చీర కట్టుకున్నావా అని. కట్టుకున్నాను అన్నాను. కట్టుకోలేదు.

అక్టోబర్ 3, మంగళవారం

వచ్చారు. నా నివేదిక చేతిలో, కళ్లజోడు ముక్కు కొసన. నేను, సూపరింటెండెంట్ గారు, గుమ్మంలో యాదగిరి. మేడం ఫొటో చూశారు, ముఖం చూశారు. మళ్లీ ఫొటో. ఎంతసేపో.

"ఎవరు పెట్టారు బొట్టు?"

సూపరింటెండెంట్ గారు పైకి, ఫ్యానువైపు చూస్తున్నారు. ఆయన గొంతు కదలడం కనిపించింది. ఏదో అనబోతున్నారని అనిపించింది. లేక నాకు అలా అనుకోవాలని ఉందేమో.

"పండగకి ఆఫీసులో పెట్టాం మేడం. భరిణె పట్టుకున్నది నేను. కానీ పెట్టినప్పుడు ఇంత లేదు. తడిగుడ్డతో తుడిచి ఇంత చేసింది నేనే."

"తడిగుడ్డతో."

"అవును మేడం."

"నేనేం చెప్పాను?"

"ముట్టుకోవద్దని."

తిట్టలేదు. తిడితే బాగుండేది. నివేదికలో నేను రాసిన నుదురు మాట కింద పెన్సిలుతో గీత గీశారు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట — "ఇక ఏమీ చెయ్యకు. రోజూ చూడు. అంతే."

అయిపోయింది. నా చేతులతో నేనే చేసుకున్నాను.

అక్టోబర్ 5

బల్ల మీద ధ్రువపత్రం. సంతకం, ముద్ర, అన్నీ. ఆయన తలెత్తలేదు. నేను తలుపు దాకా వెళ్లాక — "ఆ భరిణె ఎక్కడుందమ్మా? ఇంటికి తీసుకుపోతాను. ఇక్కడొద్దులే."

అక్టోబర్ 6

శిక్షణ సర్టిఫికెట్ కూడా వచ్చింది. అందరికీ ఇచ్చిందే. నాకెందుకిచ్చారో అడిగే ధైర్యం లేదు. దరఖాస్తు పంపేశాను. కవరు అంటించాక సంతకం పెట్టానా లేదా అని అనుమానం. మళ్లీ విప్పాను. పెట్టాను.

అక్టోబర్ 17, మంగళవారం

చూస్తున్నాను. రోజూ. చేతులు వెనక్కి కట్టుకుని. తగ్గడం లేదు, పెరగడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం ఒకామె వచ్చింది. చంకలో ఎక్స్‌రే కవరు. మా మ్యూజియం ఎదుటి పెద్దాసుపత్రి నుంచే అయ్యుంటుంది. టికెట్ కొనుక్కుని వచ్చింది. కత్తులు, నాణేలు ఏమీ చూడలేదు. తిన్నగా దుర్గ ముందుకెళ్లి చెప్పులు విడిచి నిలబడింది. బొట్టున్న అమ్మవారు ఉన్నదని ఎవరో చెప్పారట. ముట్టుకోబోతే ఆపాలి, అది నా ఉద్యోగం. నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ముట్టుకోలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి, పోయింది. విగ్రహం కింది గట్టు మీద రూపాయి బిళ్ల పెట్టి పోయింది.

బిళ్ల తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. యాదగిరి అన్నాడు — "గీమె ముంగట ఇన్నేండ్లు ఎవరన్న ఆగిన్రా మేడం? మీరు చేసిందే మంచిగైంది." అతనికి కోపమొచ్చేలా కసిరాను. పాపం. నాకైతే ఏడుపొచ్చింది.

నవంబర్ 9, గురువారం

ఇంటర్వ్యూ లెటరు. ఇరవయ్యో తారీకు, మాసబ్ ట్యాంక్. సుభద్ర మేడం ఉంటారు. ఇంకా ఇద్దరట లోపల. బయట ఎంతమందో.

నవంబర్ 13

స్వప్నకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. స్వీట్లు తెచ్చింది. సంతోషమే, నిజంగా. అయినా మైసూర్‌పాక్ సగం కాగితంలోనే వదిలేశాను. "సోమవారం కాక పై సోమవారం మా ఇన్‌స్టిట్యూట్ల కొత్త బ్యాచ్ అక్కా. మా సార్‌కు చెప్పిన. నీ పేరు రాపియ్యనా?"

నవంబర్ 18

చదివింది ఒక్కటీ తలకెక్కడం లేదు. తేమ, వెలుతురు, చెదలు, లోహాలు. అన్నీ వచ్చు. గుడ్డ తడిపినప్పుడూ అన్నీ వచ్చు.

నవంబర్ 20, సోమవారం

వరండాలో చాలామంది. ఢిల్లీలో చదివిన అమ్మాయి, పెద్ద ఫైలు. నల్గొండ ఆయన, కొత్త చొక్కా. నా పేరు మధ్యాహ్నం దాటాక పిలిచారు. ముగ్గురు. ఆఫీసరు గారు టెలిఫోనులో ఉన్నారు. ఇంకొకాయన నా కాగితాలు తిప్పి, ఇన్నేళ్లు కాంట్రాక్టులోనే ఎందుకున్నారని అడిగారు. పోస్టు పడలేదు కనక అన్నాను. దురుసుగా వచ్చిందా? ఆయన కాగితం పక్కన పెట్టేశారు.

సుభద్ర మేడం ఒక్కటే అడిగారు.

"ఆ మరక ఎలా ఉంది?"

"అలాగే ఉంది మేడం."

"మళ్లీ ఏమైనా చేశావా?"

"లేదు. చూస్తున్నాను."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే అలాగే ఉందని రాస్తాను మేడం."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చీర కొంగుతో, పొడిగా. మళ్లీ పెట్టుకున్నారు.

"సరే. వెళ్లు."

సరే అంటే ఏమిటి? బస్సంతా అదే. ఫ్లైఓవర్ దగ్గర ఇరుక్కుపోయాం, అక్కడా అదే. సరే అని ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగా నాలో నేనే గొణుక్కున్నాను. పక్కసీటావిడ జరిగి కూర్చుంది.

నవంబర్ 24, శుక్రవారం

ఏ కబురూ లేదు.

పొద్దున హాల్లోకి వెళ్లేసరికి నాకంటే ముందే ఒకరున్నారు. సూపరింటెండెంట్ గారు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. ఎవరు నేర్పారో. నేను పక్కన నిలబడ్డాను.

"కాస్త తగ్గినట్టుందా అమ్మా?"

తగ్గిందనాలని ఎంత ఉందో.

"తెలియడం లేదు సార్."

"ఊఁ" అన్నారు. ఇద్దరం అలాగే చూస్తూ నిలబడ్డాం.

సాయంత్రం స్వప్న మంచం మీద కూర్చుని ఫోను చేతిలో పట్టుకుంది, అవతల వాళ్ల సారు. రేపటితో బ్యాచ్ నిండిపోతుందట. "చెప్పక్కా. రాపియ్యాల్నా వద్దా?"

రేపు చెప్తానన్నాను.