చివరి మెట్టు మీది పసుపు గీత

నేను, ఈ మేడ యజమానురాలిని, వయసు యాభై నాలుగు, వృత్తి ఇల్లు నడపడం, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు గ్లకోమా ఉంది. అది కంటి జబ్బు, మతికి సంబంధించినది కాదు.

1. ఇది నేను పోయాక అమల్లోకి వస్తుంది, నా చూపు పోయాక కాదు. అప్పటిదాకా తాళాలు, పద్దులు, వంటిల్లు నావే.

2. మేడ మా అమ్మాయికి. మావారు బతికినంతకాలం అందులో ఉండవచ్చు. ఆయన ఒకసారి సాయం చేస్తానని వంటింటి డబ్బాలన్నీ సర్ది, నా ఇంట్లో నేనే ఉప్పు కోసం వెతుక్కునేలా చేశారు. మనిషి మంచివారే. అలమార జోలికి మాత్రం రాకూడదు.

3. వీధి గదిలో గడియారాలు బాగుచేసుకునే నా తమ్ముడికి ఆ గది ఇస్తున్నాను, షరతు మీద. కారణం ఇది.

మూడేళ్ళ క్రితం నేను చివరి మెట్టు తప్పి పడితే చెప్పు జారిందన్నారు. కంటి ప్రెషర్ నార్మల్ అని రిపోర్టు రాగానే తమ్ముడు, "పని తప్పించుకోడానికి మంచి సాకు దొరికిందే అక్కా" అన్నాడు. నేను ఊరుకోలేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ, ప్రెషర్ నార్మల్‌గా ఉన్నా గ్లకోమా రావచ్చని చెప్పి, కంటి వెనక పొర రెటీనాలో రక్తం పారే తీరును ఫోటో తీయించింది. పైభాగంలో సన్నని నాళాలు పలచబడ్డాయి. రెటీనా పైభాగం చూసేది మనకు కిందున్న వాటిని. నా చూపు పోయిందీ అక్కడే, మెట్లుండే చోట. రక్తం తగ్గి కంటి నరం దెబ్బతిందా, నరం దెబ్బతిని రక్తం తగ్గిందా అని అడిగాను.

"అదింకా తేలలేదమ్మా. రెండూ కలిసే నడుస్తున్నాయి. తోబుట్టువులుంటే ముందు వాళ్ళని తీసుకురండి" అంది.

ఆ మెట్టు అంచున పసుపు రంగు గీత వేశాను. పోయిన వారం తమ్ముడు గది తన పేర రాసిన కాగితాలు తెచ్చి, కళ్ళు పూర్తిగా పోకముందే సంతకం పెట్టెయ్యమన్నాడు. పెట్టలేదు. విసురుగా దిగుతూ ఆ పసుపు గీత దగ్గరే అడుగు తప్పాడు. చెప్పు జారిందన్నాడు. వెంట్రుకంత స్ప్రింగు కనిపిస్తుంటే కళ్ళకేమైందని వాడి ధీమా. ఈ జబ్బులో నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది, చుట్టూ ఉన్నదే ముందు పోతుంది.

షరతు: నేను బతికుండగానే ప్రెషర్ ఒక్కటే కాక నరం, చూపు పరిధి, రక్తం పారే తీరు కూడా పరీక్ష చేయించుకుని రిపోర్టు నా చేతిలో పెట్టాలి. లేకుంటే గదీ అమ్మాయిదే, వాడు అద్దె కట్టుకోవాలి. బెదిరిస్తున్నాననుకుంటే అనుకోనీ. బెదిరిస్తున్నాను.

4. దీన్ని అమలు చేయవలసింది మా ఆడపడుచు. నాతో పదేళ్ళుగా మాటల్లేవు, కానీ ఎవరికీ జంకదు.

5. పసుపు రంగు డబ్బాలో సగం మిగిలింది. అది తమ్ముడికి, ఏ షరతూ లేకుండా. నేను పోయేదాకా ఆగనక్కర్లేదు, రేపే వచ్చి పట్టుకెళ్ళవచ్చు. వాళ్ళింటికీ మెట్లున్నాయి.

మొత్తం నేనే చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను. వేలిముద్ర వేయలేదు.

తేదీ: మార్చి పదకొండు
(సంతకం) మేడ యజమానురాలు

సాక్షులు:
పక్కింటి దర్జీ
మందుల షాపు నడిపే ఆవిడ