పొదుగు చూసి మురిసిన బావగారికి

బావగారూ,

అక్క చేత పంపిన చీటీ అందింది. ఆవులు మార్చుకుందామన్నారు. కుదరదు.

మనం ఆవులు కొన్న రోజు సంతలో మీ ఆవు పొదుగు చూసి "గంగాళం రా గంగాళం!" అని ఎగిరి గంతేశారు. నేను దగ్గరుండి పితికించి ఎంచుకున్న ఆవును చూసి మాత్రం "ఇది పొదుగా, ఖాళీ సంచా మరదలు పిల్లా?" అని నలుగురిలో నవ్వారు. పితికాక పొదుగు అలా ముడుచుకుపోతేనే మంచిది బావగారూ. దాని చన్నులు నాలుగూ సమంగా, పిడికిట్లో ఇమిడేలా ఉన్నాయి. పితకడం సులువు, చుక్క మిగలదు.

మీ ఆవు పొదుగు ఎంత పితికినా తగ్గదట. పశువుల డాక్టరు నొక్కి చూసి "ఇందులో ఉన్నది పాలు కాదండీ, కండ" అన్నాడట. మీ పొట్టను చూసి అక్క కూడా మొదట్లో బలమనే అనుకుంది పాపం.

పిల్లలకు పాలు చాలడం లేదని నిన్న అక్క నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకని రోజూ పొద్దున్నే రెండు చెంబుల పాలు పంపిస్తాను. ఆవును మాత్రం పంపను.

మళ్లీ సంతకు వెళ్లేటప్పుడు నన్ను పిలవండి. మీరు కొమ్ములు పట్టుకోండి, వెనక సంగతి నేను చూస్తాను.

మీ మరదలు