సోములమ్మ చెప్పిన దూరం

హుకుంపేట, నవంబరు 1996

మరదలు హేమలతకు, దేవుని దయవల్ల ఇక్కడ నేను కులాసా. తమ్ముడి కంటపడకూడదని ఈ కార్డు నీ బడికే రాస్తున్నాను.

క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు అందరం అడవిలో చిన్న జలపాతం దాకా నడుద్దామని తమ్ముడు రాశాడు. మొన్న వేసవిలోనే గుండెపోటు వచ్చిన మనిషి కదా, ముందు నేనే దారి చూద్దామని, మాకు కట్టెలు తెచ్చే సోములమ్మతో వెళ్ళాను. ఎంత దూరమంటే, "ఏటంత దూరమమ్మా, ఒక సుట్ట కాలినంత సేపే" అంది. వెలిగించి బయలుదేరింది. కాఫీ తోట దాటేవరకు దారి చదును, మంచి నీడ. కొండ ఎక్కాల్సిన చోట మాత్రం చుట్ట ఆర్పి కొప్పులో దోపుకుంది. పైకి చేరాక మళ్ళీ వెలిగించింది. ఇదేమిటని అడిగితే, "ఎక్కినప్పుడు ఊపిరే సాలదు, సుట్టెవులు కాలుత్తారు? ఎక్కినంత మేర నెక్కలోకి రాదమ్మా" అని నవ్వింది. ఇన్నాళ్ళూ ఇక్కడుండి ఈ లెక్క నాకు తెలియనే లేదు!

డాక్టరుగారు తమ్ముణ్ణి కొండ ఎక్కనిస్తారా? అడిగి వెంటనే రాయి. మీ చిన్నారి షాలోమ్‌కు కాన్వాసు బూట్లు, స్వెట్టరు తీసుకురా. అమ్మ కళ్ళద్దాలు మార్పించారా?

తమ్ముడు వద్దంటే వినడు. అందుకని ఎక్కే చోట నాకు మోకాళ్ళ నొప్పి అని కూలబడతాను. అక్కను ఒంటరిగా వదిలి వెళ్ళే మనిషి కాడు. ఆ అబద్ధానికి ప్రభువును ముందుగానే క్షమాపణ అడిగాను. ఆయన మిమ్మల్నందరినీ కాపాడుగాక.

నీ వదిన,
ఆనందమ్మ