ఎండుచేపల సైటుకి బోణీ

నవంబరు 11, 2007. ఆదివారం.

పొద్దున్నే ఆశ్చర్యం! బాబాయి కొట్టు కంప్యూటర్లోకి ఎక్కేసింది. పిన్ని కొడుకు శివాజీ అన్నయ్య ఎంసీఏ చదువుతూ నేర్చుకున్న విద్యంతా వెచ్చించి వెబ్‌సైటు తయారుచేశాడు. పైన నీలం అక్షరాల్లో 'సూరయ్య ఎండుచేపలు, వన్ టౌన్, విజయవాడ'. పక్కన ఎగిరే చేప బొమ్మ. అడుగున ఎన్నిసార్లు తెరిచారో చూపించే అంకెల పెట్టె. మధ్యలో అంతా ఖాళీ!

"ఆ ఖాళీ నింపడం నీ పని. బి.ఏ. తెలుగు కదా నువ్వు," అన్నాడు అన్నయ్య. "ఎండుచేపలని ఎవరు సెర్చ్ చేసినా మనం మొదటి పేజీలో కనబడాలి. రెండో పేజీ దాకా ఎవడూ పోడు."

నేను బందరు నుంచి డిగ్రీ కోసం పిన్ని ఇంటికి వచ్చి ఏడాదిన్నర. ఇన్నాళ్ళకి నా మాటలు లోకం చదవబోతోంది!

బాబాయి ఒక మెలిక పెట్టాడు. "కార్తీకం వెళ్ళిన మర్నాటిదాకా చూస్తానమ్మా. అది చూసి ఒక్క కొత్త మనిషి వస్తే సరే. రాకపోతే మూసేద్దాం. నువ్వు చక్కగా ట్యాలీ నేర్చుకుని కొట్టు లెక్కలు చూద్దువుగాని."

ట్యాలీ! రోజంతా అంకెలు! అమ్మో!

నా తీర్మానం:
1. రోజుకో పేజీ. ఉదయం ఆరింటికల్లా బల్ల దగ్గర.
2. ప్రతి పేజీలో 'విజయవాడ ఎండుచేపలు' అన్న మాట వీలైనన్ని సార్లు. సెర్చ్ ఇంజన్‌కి అదే తిండి (అన్నయ్య ఉవాచ).
3. ఉపమానాలు నిషేధం.
4. అంకెల పెట్టె వారానికి ఒక్కసారే చూడాలి.

నవంబరు 12. సోమవారం.

ఉ. 5.40కే లేచాను! రాశాను!

"విజయవాడ ఎండుచేపలు కావాలా? విజయవాడ ఎండుచేపలకు పేరుపొందిన విజయవాడ ఎండుచేపల కొట్టు మాదే. విజయవాడ ఎండుచేపలు కొనేవారు మా విజయవాడ ఎండుచేపలనే..."

పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ దీపారాధన ముగించి అప్పుడే లేచింది.

"ఏమే దుర్గా, అష్టోత్తరంలా ఉందే! మధ్యలో నమః ఒక్కటే తక్కువ."

అన్నయ్య మాత్రం భుజం తట్టాడు. "సూపర్! ఇలాగే కుమ్మేయ్."

నవంబరు 14. బుధవారం.

మూడు పేజీలు పూర్తి. విజయవాడ ఎండుచేపలు, విజయవాడ ఎండురొయ్యలు, విజయవాడ నెత్తళ్ళు. ఈ నెత్తళ్ళు విజయవాడలో పుట్టలేదనీ, మా బందరు పక్కన గిలకలదిండి దగ్గర సముద్రంలో పుట్టాయనీ రాయాలనిపించింది. నిగ్రహించుకున్నాను.

అంకెల పెట్టె చూశాను. ఒక్కసారే. (రెండుసార్లు.) 19! అందులో పేజీలు సరిచూసుకోవడానికి నేను తెరిచినవే పదో పన్నెండో ఉంటాయి.

నవంబరు 17. శనివారం.

65!! ఎవరో చదువుతున్నారు! నేను కాదు, అన్నయ్యా కాదట. ఎవరు వాళ్ళు? హైదరాబాదులో ఉన్నారా? దుబాయిలోనా? నెత్తళ్ళ కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారా? (ఇది ఉపమానం కాదు, జాతీయం. జాతీయాలకు నిషేధం లేదు.)

కొట్లో మాత్రం ఈగలు తోలుకోవడమే పని. కార్తీకం కదా, సగం ఊరు నీచు ముట్టదు. మా ఇంట్లోనూ వండరు. ఎండుచేపలకు ప్రచారం మొదలుపెట్టడానికి ఏడాది మొత్తంలో ఈ నెలే దొరికింది మాకు!

బాబాయికి తీరిక ఎక్కువైంది. పొద్దున్నే గవర్నర్‌పేటలో ఎవరినో చూసొస్తానని వెళ్తున్నాడు.

నవంబరు 21. బుధవారం.

148! గాలిలో తేలిపోతున్నాను.

ఈరోజు పేజీ రాయలేదు. కారణం: కాలేజీలో స్లిప్ టెస్టు. నిన్నటి కారణం: కరెంటు కోత. మొన్నటి కారణం రాసిపెట్టుకోలేదు.

అయినా ఇంతమంది చూస్తుంటే రోజుకో పేజీ దేనికి? రెండు రోజులకొకటి చాలు. తీర్మానానికి సవరణ.

నవంబరు 26. సోమవారం.

'తళుకు' అన్న మాట నిన్నటినుంచి నాలుక మీంచి దిగడం లేదు. ఎండురొయ్య మీద ఎండపడితే వచ్చే తళుకు! పేజీలో పెట్టాను. "కీవర్డు పెట్టమంటే కవిత్వం పెట్టావేంటే?" అని అన్నయ్య కొట్టేశాడు. అలిగాను.

సాయంత్రం కరెంటు పోయింది. అరుగు మీద పిన్ని పక్కన కూర్చున్నాను. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఏ ఇంట్లో ఉండేవాళ్ళో అడిగాను.

"బ్రాహ్మలింట్లో వెనక వాటా. ఎండుచేప వాసనొస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనన్నారు. మీ బాబాయికేమో అది లేందే ముద్ద దిగదాయె. ఏం చేస్తాను మరి? వేణ్ణీళ్ళలో రెండుసార్లు కడిగి, బియ్యం కడుగులో పసుపేసి నానబెట్టేదాన్ని. వేయించడం మానేసి చింతపండు పులుసులోనే ఉడికించేదాన్ని, మూత తియ్యకుండా. అన్నిటికంటే ముఖ్యం టైమింగే!"

"టైమింగేంటి పిన్నీ?"

"ఇంటావిడ ఇంగువ పోపు పెట్టే వేళ చూసుకుని నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఇంగువ ముందు ఏ వాసనైనా బలాదూరే! ఆవిడ పోపు పెట్టని రోజు మేం పెరుగన్నమే."

ఇద్దరం పడీపడీ నవ్వాం. కరెంటు వచ్చీరాగానే అంతా రాసేశాను, పిన్ని మాటల్లోనే. పేజీ పేరు: 'వాసన రాకుండా ఎండుచేపలు వండటం ఎలా?' ఉపమానాలు ఐదు. తళుకు కూడా ఉంది!

అన్నయ్య తల పట్టుకున్నాడు. "ఇందులో విజయవాడ ఏదే?"

మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. అయినా సణుగుతూనే సైటులో పెట్టాడు.

డిసెంబరు 1. శనివారం.

ఇవాళ జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు.

సెర్చ్‌లో మనం ఎన్నో పేజీలో ఉన్నామో చూద్దామని కాలేజీకి వెళ్తూ గవర్నర్‌పేటలో దిగి నెట్ సెంటర్లోకి వెళ్ళాను. మూల కంప్యూటర్ ముందు ఎవరో చెప్పులు విడిచి కూర్చున్నారు. తెరకి దణ్ణం పెట్టారు. మౌస్ నొక్కారు. ఎగిరే చేప వచ్చింది. మూశారు. మళ్ళీ తెరిచారు. మళ్ళీ మూశారు.

బాబాయి!

"బాబాయ్! ఏం చేస్తున్నావు?"

దొరికిపోయిన దొంగలా లేచాడు. "బోణీ చేస్తన్నానమ్మా. బోణీ లేకుండా కొట్టెట్టా సాగుద్ది? ఇదీ కొట్టే కదా. పొద్దున్నే పది సార్లు నేను తెరుస్తా. మన వీధిలో మిరపకాయల కొట్టాయన, బెల్లం కొట్టాయన కూడా వచ్చినప్పుడల్లా తెరిచి పోతన్నారు. పిల్ల కష్టపడతంది, మీ చేత్తో కాస్త బోణీ చెయ్యండని నేనే చెప్పా."

నా హైదరాబాదు! నా దుబాయి! అంతా మిరపకాయలూ బెల్లమూనా!

'విజయవాడ ఎండుచేపలు' అని సెర్చ్ చేశాను. మొదటి పేజీలో లేదు. రెండులో లేదు. ఏడో పేజీలో, అట్టడుగున, మేము.

"మూసేస్తానన్నది నువ్వే కదా. మరి ఇదంతా ఎందుకు బాబాయ్?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మాటన్నాను కాబట్టి మూసేస్తా. మూసెయ్యాల్సి రాకూడదనే నా బాధంతా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.



డిసెంబరు 2. ఆదివారం.

రాయలేదు.

డిసెంబరు 5. బుధవారం.

రాయలేదు. బజ్జీలు తిన్నాను.

డిసెంబరు 8. శనివారం.

ట్యాలీ నేర్పే చోటుకి వెళ్ళి అడిగొచ్చాను. కొత్త బ్యాచ్ బుధవారం నుంచట. అక్కడి గోడ మీద కూడా ఒక్క మంచి మాట లేదు.

అంకెల పెట్టె: 431. ఎవరికి కావాలి?

డిసెంబరు 10. సోమవారం.

తెల్లవారుజామునే పిన్నితో కృష్ణకి వెళ్ళాను. కార్తీకం అయిపోయింది, ఇవాళ పోలి పాడ్యమి, బాబాయి పెట్టిన గడువు. అరటిదొప్పల్లో దీపాలు వదిలాం. నావి రెండూ ఒడ్డుకే తిరిగొచ్చాయి. "తొయ్యవే, నీళ్ళు కాస్త చేత్తో తొయ్యి!" అంది పిన్ని. తోశాను. వెళ్ళాయి.

పదింటికల్లా కొట్టు కిటకిట. నెలరోజులు నోరు కట్టుకున్న ఊరంతా ఒక్కసారి వన్ టౌన్ మీద పడ్డట్టుంది. కాలేజీ ఎగ్గొట్టి పిన్నితో కలిసి పొట్లాలు కట్టాను. అందరూ పాతవాళ్ళే. ఒక్కొక్కరి మొహమూ చూశాను. కొత్త మొహం లేదు.

పన్నెండు దాటాక స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. కొట్టు బోర్డు చదివి, లోపలికి తొంగిచూశాడు.

"ఇక్కడ పిన్ని గారంటే ఎవరండీ?"

పిన్ని బిత్తరపోయింది. "ఎవరి పిన్ని బాబూ?"

"అదేనండీ, ఇంగువ పోపు పిన్ని గారు."

నా చేతిలో పొట్లం జారి నెత్తళ్ళు బల్లంతా పరుచుకున్నాయి.

ఆయన పేరు జాన్‌బాబు. కంకిపాడులో డీటీపీ పని. పూర్ణచంద్రరావు గారని రిటైరైన మాస్టారింట్లో మేడ మీద అద్దెకుంటారు. భార్యకి ఐదో నెల. నెత్తళ్ళ పులుసు తప్ప ఇంకేం వద్దంటోందట.

"మాస్టారు దేవుడిలాంటి మనిషండీ, కానీ వాసన పడదు. ఏం చెయ్యాలో తోచక మొన్న షాపులో కంప్యూటర్లో కొట్టి చూశా, వాసన రాకుండా ఎండుచేపలు వండటం ఎలా అని. మొట్టమొదటే మీది వచ్చింది. మా ఆవిడకి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చింది. అప్పుడే వద్దామనుకున్నాం గానీ, కింద వాళ్ళకి కార్తీకం పూజలు కదా, అయ్యేదాకా ఆగాం."

బాబాయి కాటా ఆపేశాడు. "అంటే... కంప్యూటర్లో చూసే వచ్చారా బాబూ?"

"అవునండీ."

"మా మిరపకాయల కొట్టాయన పంపలేదు కదా?"

"ఆయనెవరండీ?"

బాబాయి మళ్ళీ కాటా అందుకున్నాడు. అడిగినదానికంటే రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేసి, రెండు చేతులతో అందించాడు.

"కొట్టు బోణీ పొద్దున్నే అయిపోయింది. ఇది సైటు బోణీ. ఇన్నాళ్ళూ నేను చేసిందంతా ఉత్తుత్తిదే!"

జాన్‌బాబు గారికేమీ అర్థం కాలేదు. వెళ్తూ వెళ్తూ ఆగాడు. "పిన్ని గారూ, ఇంకొక్కటండీ. కడిగాక చేతికి వాసన పోవాలంటే ఏం చెయ్యాలి? అది కూడా రాయించండి. మా ఆవిడ అడగమంది."

సాయంత్రం అన్నయ్య సెర్చ్ చేసి చూపించాడు. విజయవాడ ఎండుచేపలు: ఇప్పటికీ ఏడో పేజీయే. ఎండుచేపల వాసన: మొదటి పేజీ, మొదటి వరస! "విజయవాడ లేకుండా వచ్చావు. తళుకుతో సహా వచ్చావు," అన్నాడు, ఓడిపోయిన గొంతుతో.

ట్యాలీకి వెళ్ళక్కర్లేదు. బాబాయి మాట మీద నిలబడ్డాడు.

కొత్త తీర్మానం:
1. రోజుకో పేజీ. (ఈసారి నిజంగా.)
2. జనం అడిగే ప్రశ్నకే జవాబు. అష్టోత్తరాలు బంద్.
3. ఉపమానాలు పేజీకి ఒకటి. పండగలకి రెండు.
4. అంకెల పెట్టె అన్నయ్య పీకేస్తున్నాడు. బాబాయి ఇప్పటికే దిగులుగా ఉన్నాడు.

రేపు ఉదయం ఆరింటికి: పిన్ని లేచేసరికి కాఫీ కలిపి పెట్టాలి. ఎదురుగా కూర్చుని చేతి వాసన ఎలా పోతుందో అడగాలి. మొదటి వాక్యం ఆవిడది. తళుకు నాది.