వార్డు ఆఫీసులో ఒక క్షవరం కుర్చీ

కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వార్డు కార్యాలయంలో పొద్దున పూట క్షవరం చేయుటకు అనుమతి కోరుట గురించి.

1. నేను చాలాకాలం మా వీధి మొదట్లో సెలూన్ నడిపి, మొన్నటి ఎన్నికల్లో వార్డు సభ్యునిగా నెగ్గినవాడను. సభ్యుడు కత్తెర పట్టుకుంటే పదవికి మర్యాద కాదని తమ మేనేజరు గారు సెలవిచ్చినందున షాపు మూసివేయడమైనది.

2. మెడ మీద కత్తి పెడితేగాని జనం నిజం చెప్పరంటారు. నా దగ్గర చెప్పేవారు. ఏ దీపం వెలగడం లేదో, ఏ మేస్త్రీ సిమెంటు మింగాడో, సబ్బు నురగ ఆరేలోపు నా చెవిన పడేది. ఇప్పుడు ఆ మనుషులే నన్ను "గారు" అంటున్నారు. ఏమైనా ఇబ్బందా అని అడిగితే "తమరుండగా మాకేం లోటండీ" అంటున్నారు.

3. మా వీధి కుళాయి నీళ్లలో మురుగు కలుస్తున్నట్లు వీధి మొత్తానికి తెలిసియున్నది. నాకు మాత్రం మా చెల్లెలి కూతురు వాంతులతో ఆసుపత్రిలో పడ్డాక తెలిసినది. ఎదురింటి టైలరును నిలదీయగా, "పెద్దవాడివైపోయావు, ఏమనుకుంటావో అని ఊరుకున్నానురా" అన్నాడు. వాడు నాతో గోలీలాడినవాడు! మా చెల్లెలు ఒక్కటే అంది: "నువ్వు షాపులో ఉండుంటే తెలిసేది కదన్నయ్యా." పాపకింకా సెలైను ఎక్కుతూనే ఉందయ్యా. నాకు భయంగా ఉంది.

4. గొట్టం మార్చమని ఇంజనీరు గారిని వేడుకొనగా, ఫిర్యాదులేవీ రాలేదు గనుక నీళ్లు బాగున్నట్లేనని బదులిచ్చినారు.

కావున వార్డు కార్యాలయంలో ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకొనుటకు అనుమతించ ప్రార్థన. "జనానికి క్షవరం చెయ్యడానికి మనకు వేరే కుర్చీ ఎందుకయ్యా?" అని మేనేజరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాలన ఎలా చెయ్యాలో శిక్షణ తరగతిలో చెప్పారు గానీ, జనం మాట వినడం నాకు ఆ కుర్చీ వెనక నిలబడితేనే వచ్చు.

నా గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వార్డు సభ్యుడు (ఇప్పటికీ మంచి పనివాడే)

తా.క.: నిన్న తమ డ్రైవరుకు మా పెరట్లో చాటుగా గడ్డం గీస్తుంటే చెప్పాడు, ఆ గొట్టం నీళ్లే తమ క్వార్టర్సుకూ వస్తాయట. మీ వంటమనిషికీ తెలుసట. సారు ఏమనుకుంటారో అని నోరు మెదపలేదట. వాళ్లనేమీ అనకండి. తమది పిల్లలున్న ఇల్లు. అయ్యా, ఈ కాగితం అక్కడ పడేసి, ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి, ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని చెప్పండి.