నాలుగో పొట్లం

ఒరే తమ్ముడూ ధర్మా,

ఫోన్లో సెప్పడానికి భయమేసి ఈ ఉత్తరం రాస్తన్నాను. సదివి సింపేయ్.

అరెకరం పెరడు ఖాళీగా ఉన్నాదని, ఒడిశా నుంచి నీ లారీలో బస్తాడు లిల్లీ దుంపలు, నాలుగు పొట్లాల పూల ఇత్తనాలు తెచ్చిచ్చావు కదా. దుంపలన్నీ మొలిసాయి. మూడు పొట్లాలూ సామంతి, సీతమ్మజడ, కాశీరత్నం అయ్యాయి. వచ్చినోళ్ళంతా సూసి మురిసిపోతన్నారు.

నాలుగోది బంతి అన్నావు. గోడవార నువ్వే జల్లి, "ఎవులూ ముట్టుకోవద్దప్పా" అన్నావు. ఆకు బంతిలాగే ఉన్నాది. నా నడుమెత్తు ఎదిగినా ఒక్క మొగ్గెయ్యలేదు. నలిపి సూసాను, బంతి వాసన కాదురా అది.

మంగళారం పోలీసోళ్ళ డ్రోన్ ఊరి మీద తిరిగింది. గంజాయి కోసమట. మన పెరడు మీద కాసేపు ఆగినట్టే అనిపించింది. నీళ్ళ పైపు అక్కడే పడేసి ఇంట్లోకి పోనాను.

నిన్న కానిస్టేబులు గారి భార్య అనూరాధ వచ్చి లిల్లీ దుంపలు అడిగింది. ఆదివారం ఆయన్ని తీసుకొచ్చి తవ్వుకుంటాదట. ఆ మడి గోడ పక్కదే. కాదని ఎలాగనేది?

ఈ పొద్దు ఆ మొక్కలన్నీ పీకి గోతిలో కప్పెట్టేసాను. పురుగు పట్టిందని మీ బావకి అబద్ధం సెప్పాను. ఒక్క మొక్క మాత్రం పాత బక్కెట్లో పెట్టి, కోళ్ళ గంప బోర్లించి దాసాను.

ఆదివారంలోగా రా. గంప తీసి, అది బంతేనని నా తల మీద సెయ్యేసి సెప్పు.

సెయ్యెయ్యలేకపోతే రావద్దు. నాకు తెలిసిపోతాది.

నీ అప్ప